రెండు జడల బిస్కెట్లు

మదనపల్లె
జూలై 6

ఉషా తల్లికి, నీ షాహిదమ్మ రాసేది.

నువ్వు ఫోన్ చేస్తావు, నేను తీయను. కోపం అనుకోవద్దు. తీస్తే, నీ గొంతు వినపడగానే దాని వెనకాల జైనాబ్ నవ్వు కూడా వినపడుతుందేమోనని చెవి పెడతాను. వినపడదు. ఆ తర్వాత నాకు మాట పెగలదు. ఉత్తరమైతే ఏడుస్తూ రాసినా ఎవరికీ తెలియదు. నేను చదివింది అయిదో తరగతి, అదీ తెలుగు బడిలో, ఎప్పుడో. తప్పులుంటే నవ్వుకో. మా మిద్దె మీద గదిలో అద్దెకుండి డిగ్రీ చదువుకున్నదానివి, నా బిడ్డతో పాటు నా చేతి అన్నం తిన్నదానివి. నీ దగ్గర నాకు మొహమాటం లేదు.

ఒక సాయం కావాలి. వచ్చే నెల మొదట్లో జైనాబ్ పోయిన నలభయ్యో రోజు. పుంగనూరులో అల్లుడు మోసిన్ ఇంట్లో చేస్తారు. మావాళ్లలో ఆ రోజు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, పళ్లెంలో పెట్టి, ఫాతెహా చదివించి, అందరికీ పంచుతారు. వియ్యపురాలు సాజిదా బిర్యానీ చేయిస్తుంది, ఖీరు చేస్తుంది. నేనేం తీసుకుపోవాలి? నా బిడ్డకు తినడం కంటే చేసి పెట్టడం ఇష్టం. మీరిద్దరూ మా వంటింట్లో నేర్చుకున్నారే, ఓట్స్, కిస్‌మిస్ వేసి చేసే బిస్కెట్లు. పెళ్లయి పుంగనూరు పోయాక కూడా చేస్తూనే ఉండేది, మా మనవరాలు మిస్బా కోసం. ఒక్కో బిస్కెట్టు మీద చక్కెర ముద్దతో ఆ పిల్ల ముఖమే వేసేది. కళ్లకు రెండు కిస్‌మిస్‌లు, అటూ ఇటూ తెల్లటి జడలు. ఒక జడ పైకి, ఒక జడ కిందికి. నాలుగేళ్ల పిల్ల కుదురుగా కూర్చోదు కదా, జడలు ఎప్పుడూ అట్లనే వచ్చేవి.

అవి నేను చేస్తాను. ఎట్లా చేయాలో రాయి. మీరు చేసేటప్పుడు నేను పక్కనే ఉల్లిగడ్డలు తరుక్కుంటూ ఉన్నాను గానీ ఒక్కరోజు చేయి పెట్టలేదు. నిన్న అంగడికి పోయి ఓట్స్ అడిగితే ఆయన, "యాలమ్మా, షుగర్ వచ్చిందా?" అన్నాడు. అవునన్నాను. కడుపున పుట్టిన బిడ్డ ఫాతెహాకు అని చెప్పడానికి నోరు రాలేదు.

షాహిదమ్మ


కుప్పం
జూలై 14

అమ్మకు ఉష నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. మీ అక్షరాలు నవ్వేట్టు లేవమ్మా. మా అత్త చూసి, ఇంత గుండ్రంగా రాసింది ఎవరని అడిగింది. మా అమ్మ అని చెప్పాను.

మీకు ఓవెన్ అక్కరలేదు. మేము నేర్చుకున్నదీ మీ పాత డేక్షాలోనే. అడుగున ఇసుక పరచండి, మీద చిన్న స్టాండు పెట్టండి, మూత వేసి బాగా కాగనివ్వండి. నీళ్లు పోయకూడదు. ఈలోగా వెన్న, బెల్లం పొడి కలిపి తెల్లబడేదాకా గిలకొట్టండి. మీ చేయి నొప్పి పుడితే హిదాయతుల్లా నాన్నకు ఇవ్వండి. కుట్టుమిషన్లు బాగు చేసే చేయి, దానికి అలుపుండదు. ఓట్స్‌ను కొద్దిగా వేయించి సగం పొడి చేయండి, సగం అట్లనే ఉంచండి. గోధుమ పిండి, దాల్చినచెక్క పొడి, చిటికెడు సోడా. కిస్‌మిస్‌లు నానబెట్టి, గుడ్డ మీద తడి ఆరనిచ్చి చివర్లో కలపండి. ఉండలు చేసి కొంచెం ఒత్తి, పళ్లెంలో దూరం దూరంగా పెట్టండి. మంట బాగా తగ్గించాలి. అంచులు ఎర్రబడగానే తీసేయండి. అప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారితే గట్టిపడతాయి. అక్కడే అందరూ మోసపోతారు.

జడలు మాత్రం వద్దమ్మా. ఉత్తవే పెట్టండి. పెద్దవాళ్లు కూర్చునే చోట ముఖాలూ జడలూ ఎందుకు, ఏమైనా అనుకుంటారు.

పాప ఎట్లుంది? మీరు పుంగనూరు పోయారా? మిమ్మల్ని ఏమైనా అడిగిందా? ఇది మాత్రం తప్పకుండా రాయండి.

ఉష


మదనపల్లె
జూలై 25

ఉషా,

నువ్వు చెప్పినా నేను మోసపోయాను. మొదటిసారి మెత్తగా ఉన్నాయని ఇంకాసేపు ఉంచాను, మళ్లీ ఇంకాసేపు. రాళ్లయ్యాయి. మీ హిదాయతుల్లా నాన్న ఒకటి తీసుకుని స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూసి, మాట్లాడకుండా పక్కన పెట్టాడు. పక్కింటి పూలమ్మ, టమాటా మార్కెట్టులో కాయలు ఏరే ఆమె, నీకు గుర్తుందో లేదో, ఒకటి కొరకబోయి ఆగింది. "ఇది నాకొద్దు వదినా. ఉండేవి నాలుగు పండ్లు. నానబెట్టి ఆవుకేద్దాం తే" అంది.

రెండోసారి బాగా వచ్చాయి. వేడిగా ఉండగానే చక్కెర ముద్ద పెట్టేసరికి జడలు కరిగి ముఖమంతా కారిపోయాయి. ముసలమ్మలు వానలో తడిసినట్టు ఉన్నాయి. నేను నవ్వాను ఉషా. బిడ్డ పోయాక అదే నేను నవ్వడం. వెంటనే కొంగు నోట్లో కుక్కుకుని, గుమ్మంలో ఎవరైనా ఉన్నారేమోనని చూశాను.

నువ్వు జడలు వద్దన్నావు. నా చేతికి రావనుకున్నావేమో. వచ్చాయి. జైనాబ్ పంపిన ఫోటో మీ నాన్న ఫోన్‌లో ఉంది. దాన్ని పెద్దది చేసి పక్కన పెట్టుకుని చూసి చూసి వేశాను. పాల కవరు మూల కత్తిరించి, చుక్క పక్కన చుక్క. ఒక జడ పైకి, ఒక జడ కిందికి. పూలమ్మ చూసి, "ఇది జైనాబ్ చేయే" అంది. ఆ మాట విన్నాక ఉత్తవి తీసుకుపోవడం నా వల్ల కాదు.

మిస్బా గురించి అడిగావు. పోయిన వారం వెళ్లాను. అది నన్నేమీ అడగలేదు. అమ్మ ఊరికి పోయిందని చెప్పాము, నువ్వేం మాట్లాడొద్దు అని సాజిదా గుమ్మంలోనే చెప్పింది. సరేనని తల ఊపాను. ఖర్జూరాలు చేతిలో పెట్టి, ముఖం అటు తిప్పుకుని కూర్చుని వచ్చాను. జడలు సాజిదా వేసినట్టుంది. రెండూ సమానంగా ఉన్నాయి.

షాహిదమ్మ


మదనపల్లె
ఆగస్టు 9

ఉషా,

ఈ ఉత్తరం రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. నా ముఖం నాకే చూపించుకోలేకుండా ఉన్నాను.

ఫాతెహా చదవడం అయింది. మగవాళ్లు ముందు గదిలో, మేము లోపల. సాజిదా పళ్లాల మీద గుడ్డ తీసింది. నా డబ్బా కూడా తెరిచి పళ్లెంలో సర్దాను. వచ్చినవాళ్లు చూసి ఎంత బాగున్నాయి అన్నారు. నాకు లోపల ఏమో గర్వంగా అనిపించింది, దాచను. అప్పుడు మిస్బా వచ్చింది. పళ్లెం దగ్గర నిలబడి ఒకటి తీసుకుంది. తినలేదు. దాన్ని తిప్పి తిప్పి చూసింది. నా ముఖం చూసింది. నన్ను దాటుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

ఏం వెతుకుతోందో మొదట ఎవరికీ అర్థం కాలేదు. వంటింట్లో చుట్టంగా వచ్చినామె ఎవరో పొయ్యి దగ్గర వంగి ఉంటే వెనక నుంచి పోయి ఆమె కాళ్లు పట్టుకుంది. ఆమె తిరగ్గానే వదిలేసింది. బాత్రూము తలుపు తోసింది. తలుపుల వెనక చూసింది. మిద్దె మెట్లెక్కింది. దిగి వచ్చి నా ముందు నిలబడి అడిగింది. మా ఉర్దూ మాటల్లో అడిగింది, నీకు తెలుగులో రాస్తున్నాను.

"నానీ, అమ్మీ కుప్పం నుంచి నీతోనే వచ్చింది కదా. యాడుండాది?"

నేనేం చెప్పానో తెలుసా? ఏమీ చెప్పలేదు. బిస్కెట్టు పట్టుకున్న దాని చేతిని చూస్తూ కూర్చున్నాను. అది వీధి గుమ్మానికి పోయి, చెప్పులు వేసుకుని, మెట్టు మీద కూర్చుంది. దారి వైపు చూస్తా కూర్చుంది. మోసిన్ వచ్చి ఎత్తుకునేదాకా. ఎత్తుకుంటే వాడి భుజం మీద నుంచి కూడా దారినే చూసింది.

సాజిదా పళ్లెం మీద మళ్లీ గుడ్డ కప్పేసింది. ఎవరూ ఆ బిస్కెట్లు ముట్టలేదు. బయల్దేరేటప్పుడు నా బురఖా తెచ్చి చేతికిచ్చి, మెల్లగా చెప్పింది. "కొన్నాళ్లు మా ఇంటికి రావద్దు వదినా. నిన్ను సూస్తే అది మళ్లీ ఎదుకులాడతాది." కోపంగా అని ఉంటే బాగుండేది.

నా బిడ్డ గీసిన గీతను దొంగిలించి ఆమె బిడ్డకే చూపించాను. చనిపోయినదాన్ని వంటింట్లో ఉన్నట్టు నమ్మించాను. బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని, తల ఎత్తకుండా వచ్చాను. జైనాబ్ ఇల్లు అని మిగిలింది ఆ పిల్ల ఒక్కటే. ఆ గుమ్మం కూడా పోగొట్టుకున్నాను.

ఒక్క సంగతి నాకు తెలియడం లేదు. ఊరికి పోయిందని చెప్పారు, సరే. అది కుప్పం అని ఎందుకు అంది?

షాహిదమ్మ


కుప్పం
ఆగస్టు 22

అమ్మా,

మీరు అడిగిన దానికి జవాబు నా దగ్గరుంది. అందుకే ఆలస్యం. రెండుసార్లు రాసి చించేశాను.

జైనాబ్ పోయిన వారానికే మోసిన్ అన్న ఫోన్ చేశాడు. పాప అన్నం ముట్టడం లేదు, అమ్మీ బిస్కెట్లు కావాలంటుంది, నీకు వచ్చు కదా పంపమ్మా అని ఏడ్చాడు. అదే రోజు చేశాను. జడలు వేయకపోతే పాప తేడా గుర్తుపడుతుందని జడలు కూడా వేశాను. పుంగనూరు బస్సులో పంపాను. పాప తిన్నది. ఆ సంతోషంలో మోసిన్ అన్న, అమ్మీ కుప్పంలో ఉషా పిన్ని ఇంట్లో ఉంది, నీ కోసం చేసి పంపింది అని చెప్పేశాడు. చెప్పాక నాకు ఫోన్ చేసి చెప్పాడు. నేను వద్దనలేదు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం పంపాను. అందుకే మిమ్మల్ని జడలు వద్దన్నాను. మీకు విషయం చెప్పి వద్దనాలి. చెప్పకుండా వద్దన్నాను. మీరు వినకపోవడం మీ తప్పు కాదు, నా తప్పు.

ఇంతటితో అయితే మీ కాళ్లు పట్టుకుని క్షమించమని అడిగేదాన్ని. ఇంకొకటి ఉంది. ఒకరోజు పాప తనే ఫోన్ తీసుకుని మాట్లాడింది. "పిన్నీ, అమ్మీకి ఫోనియ్యి" అంది. నా నోటికి ఏం వచ్చిందో చూడండి. "అమ్మీ సేతులకు పిండి ఉండాది బంగారూ, కడుక్కుని మాట్లాడతాది" అన్నాను. పాప సరే అంది. కాసేపు ఫోన్ పట్టుకుని అట్లనే ఉంది. దాని ఊపిరి నాకు వినపడుతూ ఉంది. చేతులు కడుక్కోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు కాచుకుని, ఆ తర్వాత పెట్టేసింది.

అమ్మా, మా అత్తకు కూడా ఇది చెప్పలేదు. మీ ఇంట్లో ఉప్పు తిని, మీ బిడ్డను ఫోన్‌లో బతికించి, మిమ్మల్ని గుమ్మం బయట నిలబెట్టాను.

ఉష


మదనపల్లె
ఆగస్టు 27

ఉషారాణికి,

ఉత్తరం చదివి మీ నాన్నకు ఇవ్వలేదు. పొయ్యిలో పెట్టాను.

నా బిడ్డ పోయిందని నాకు చెప్పడానికి ఎవరూ జంకలేదు. నేను కూర్చుని కూడా లేను, నిలబడి ఉండగానే చెప్పారు. ఆ పసిదానికి చెప్పడానికి మాత్రం ఇంతమంది పెద్దవాళ్లకు నోరు రాలేదు. వాళ్ల నాన్న అబద్ధం, నువ్వు అబద్ధం, మీ ఇద్దరికీ మధ్యన రోడ్డు మీద బస్సు నడిచింది.

ఇంక పంపొద్దు. ఒక్కటి కూడా పంపొద్దు.

నిన్ను తిడదామని కూర్చుంటే నా తల ఊపడం గుర్తొస్తోంది. గుమ్మంలో సాజిదా మాట్లాడొద్దంటే ఊపాను చూడు, ఆ తల. నువ్వైనా ఒక మాట అబద్ధం చెప్పావు. నేను అది కూడా చెప్పకుండా ఖర్జూరాలు పెట్టి వచ్చాను. అందుకే ఈ కాగితం ఇక్కడితో ఆపుతున్నాను.

షాహిదా


కుప్పం
సెప్టెంబరు 8

అమ్మా,

మీరు షాహిదమ్మ అని రాయలేదు. గమనించాను.

పంపడం ఆపేశాను. మోసిన్ అన్న రెండుసార్లు ఫోన్ చేశాడు. శుక్రవారం వస్తే పాప గుమ్మంలో కూర్చుంటుందట. సాజిదమ్మ కూడా మాట్లాడింది, ఇంకొక నెల పంపు, నెమ్మదిగా మరిచిపోతుంది అని. మరిచిపోయేది అమ్మను కదా సాజిదమ్మా అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

నేనే చెప్పాలని పోయిన ఆదివారం బస్సెక్కాను. పుంగనూరు బస్టాండులో దిగాను. పలమనేరు వైపు బస్సు నిలబడి ఉంటే అందులోనే ఎక్కి తిరిగి వచ్చేశాను. ఇంట్లో, పనుందని పోయాను, పని కాలేదు అని చెప్పాను.

నా వల్ల కాలేదమ్మా. మీ వల్ల అవుతుంది అనడానికి నాకు అర్హత లేదు. కానీ ఒకటి తోచింది, రాస్తాను. పాప ఇన్నాళ్లూ డబ్బాలో నుంచి వచ్చినవే చూసింది. చేసే చేతులు చూడలేదు. మీరు చేసినవి తీసుకుపోవద్దు. అక్కడే దాని ముందు కూర్చుని చేయండి. ఎవరు చేస్తున్నారో కళ్లతో చూశాక మీరు చెప్పేది దానికి అందుతుందేమో. సాజిదమ్మ మిమ్మల్ని రావద్దన్నది నిజమే. మీరు అడిగి పోవద్దు, పోండి.

మీ ఉష


పుంగనూరు
సెప్టెంబరు 17

ఉషా తల్లికి,

పుంగనూరు నుంచే రాస్తున్నాను. సాజిదా ఇంటి ముందు గదిలో కూర్చుని. మళ్లీ షాహిదమ్మ అనే సంతకం పెడతాను.

ఒక సంచిలో డేక్షా, ఒక సంచిలో ఇసుక, పిండి, ఓట్స్ అన్నీ మోసుకుని ఆటో దిగాను. సాజిదా తలుపు తీసి సంచులు చూసింది. నన్ను లోపలికి రమ్మనలేదు.

"ఇప్పుడిప్పుడే రోంత రోంత తింటాండాది వదినా. మళ్లీ యాల కదిలిస్తావు?"

"నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?" అన్నాను.

ఆమె చేయి తలుపు మీదే ఉంది. ఆ చేయి తీసి ఒక సంచి అందుకుంది. ఇంత ఇసుక యాడికమ్మా, ఇల్లు కడతావా అని గొణుక్కుంది.

పొయ్యి పక్కన నేల మీద కూర్చుని, మిస్బాను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. పిండి కలిపాను. అది అన్నీ చూసింది. ఉండలు ఒత్తుతుంటే, అమ్మీ ఇట్ల చేయదు, చెంచాతో ఒత్తుతుంది అని తప్పు పట్టింది. చెంచా తీసుకున్నాను. కిస్‌మిస్‌లు దాని చేతికిచ్చాను. కళ్లు పెట్టమంటే మూడు పెట్టింది, ఒకటి తిన్నది. చివరకు అదే అడిగింది.

"అమ్మీ ఎప్పుడొస్తాది నానీ?"

"రాదు బిడ్డా."

"యాల?"

"సచ్చిపోయింది."

అది నన్ను చూసింది, వాళ్ల దాదీని చూసింది. సాజిదా గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది, కాదనలేదు. వీళ్లకు పాడి ఉంది కదా, ఎండాకాలంలో ఒక దూడ చచ్చిపోయిందట. అది నాకు తెలియదు.

"దూడ మాదిరా?"

"దూడ మాదిరే."

"మరి పిన్ని ఫోన్‌లో సేతులకు పిండి ఉండాదనిందే?"

"అబద్ధం సెప్పింది. మీ అబ్బా కూడా. నేను నిజం తెలిసీ నోరు మూసుకున్నా."

అది లేచి నన్ను కొట్టింది. రెండు చేతులతో, పిండి చేతులతో, ముఖం మీద, మెడ మీద. కొట్టనిచ్చాను. సాజిదా వచ్చి పట్టుకోబోతే ఆమెనూ కొట్టింది. ఆమె అక్కడే కూలబడి, నేనే అందరికీ అట్ల సెప్పమన్నా బిడ్డా, నన్నే కొట్టు అంది. ఇద్దరం ఆ పిల్ల చేతుల కింద తలలు వంచుకుని కూర్చున్నాం. డేక్షాలో పెట్టినవి మాడిపోయాయి. వాసన వచ్చినా ఎవరం లేవలేదు.

అది ఏడ్చి పడుకుని, లేచాక, దూడను కొట్టం వెనకాల పూడ్చారు, ఆ చోటు తనకు తెలుసు, అమ్మీ చోటు చూపించండి అని కూర్చుంది. మోసిన్ నా వైపు చూడలేకపోయాడు. దాని చేయి పట్టుకుని బయల్దేరాడు. మేమూ వెంట నడిచాము. మా ఆడవాళ్లు ఖబరస్తాన్ లోపలికి పోరు. నేను ఇంతవరకు నా బిడ్డ మట్టిని చూడలేదు, గోడ బయట నుంచి కూడా చూడలేదు. సాజిదా, నేను గేటు దగ్గర ఆగిపోయాము. చిన్నది కాబట్టి దాన్ని ఎవరూ ఆపలేదు. వాళ్ల నాన్నతో లోపలికి పోయింది.

అది నీ మీద చాలా కోపంగా ఉంది ఉషా. పిన్ని వస్తే మాట్లాడనని చెప్పింది. నువ్వు రావాలి. ఈసారి బస్టాండులో తిరిగి బస్సెక్కొద్దు. వచ్చి, అది మాట్లాడకుండా ఉంటే ఎదురుగా కూర్చో. నీకు అంతకంటే తక్కువ శిక్ష లేదు, నాకూ లేదు.

గేటు సంగతి పూర్తిగా రాయలేదు. అక్కడ మేము కాచుకుని ఉన్నాం. ఏం చూసి వస్తుందో, ఏమైపోతుందో అని సాజిదా నా చేయి పట్టుకుంది. మిస్బా నడిచే వచ్చింది. మోకాళ్లకు మట్టి ఉంది. నా ముందు నిలబడింది. నా నోరు నా మాట వినలేదు. దాన్ని ఓదార్చాల్సిందాన్ని, దాన్నే అడిగాను.

"ఎట్లుండాది బిడ్డా ఆడ?"

వాళ్ల నాన్న చెప్పబోతే ఆపి, తనే చెప్పింది.

"మట్టి ఎత్తుగా ఉండాది నానీ. తల కాడ రాయి ఉండాది. మీద గడ్డి వచ్చిండాది."

"పచ్చగా ఉండాదా?"

నేను అబద్ధం ఒప్పుకోనని దానికి తెలిసినట్టు, వెనక్కి తిరిగి గేటు లోపలికి పోయి మళ్లీ ఒకసారి చూసి వచ్చి చెప్పింది.

"రోంత."

నీ షాహిదమ్మ